కిటికీ వైపు చెంప

జూన్ 14, ఆదివారం
కొట్టు మూసిన తరవాత

పూజ్యులైన బావగారికి, మీ ఒక్కగానొక్క బావమరిది వంగి, వంగినవాడు మళ్లీ లేవడానికి నడుం పట్టుకుని, నమస్కరించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేమంతా కులాసా. అక్కడ మీరూ కులాసా అని తలుస్తాను అని రాయడం మర్యాద. అయితే ఈ ఉత్తరమంతా మీరు కులాసాగా లేరని చెప్పడానికే గనక ఆ ముక్క వదిలేస్తున్నాను.

మీ ఉత్తరం అందింది. "నా ముఖానికి ఏం రంగు పట్టించావో, అది దేంతో పోతుందో తిరుగు టపాలో రాయి. రాసేదాకా నా గడప తొక్కకు" అన్నారు. కోపంలో కూడా మీ దస్తూరీ ముత్యాల్లాగే ఉంది. ఫొటోల వెనక పేర్లు రాసి రాసి తిరిగిన చెయ్యి కదా. ఆ కింద మీరు రోజూ తాగే వెండినీళ్ల మహిమ రాశారు. ఈ మధ్య మరీ బాగా పనిచేస్తున్నాయన్నారు. గొంతు తేటపడిందట, పొట్ట ఉబ్బరం తగ్గిందట, ఒళ్లు తెలియని నిద్ర పడుతోందట, నీళ్ల రుచి కూడా మెరుగైందట. అందాకా నవ్వుకుంటూనే చదివాను. చివర్లో, ఆ నీళ్లు చేసే పెట్టె ఇంకా పెద్దది తెప్పిస్తున్నారనీ, మనవరాలు వచ్చాక దాని జలుబుకి పొద్దునో చెంచా, సాయంత్రం ఓ చెంచా పడతారనీ రాశారు. అది చదివి కొట్టు తలుపు వేసేశాను. ఎవరో మిక్సీ పట్టుకుని బయట నిలబడి తలుపు బాదుతున్నారు. బాదనీ.

మీరు నన్ను అనుమానించడంలో తప్పు లేదు. మీ పెళ్లి ఫొటోనాడు మీ పళ్లపొడిలో ఎర్రరంగు కలిపింది నేనే. అప్పట్లో నలుపు తెలుపు ఫిల్ము కాబట్టి ఎరుపు నల్లగా పడి, ఫొటోలో మీరు బోసినోటితో నవ్వుతున్న పెళ్లికొడుకులా వచ్చారు. ఆ ఫొటో ఇప్పటికీ మీ హాల్లో వేలాడుతోంది. మీ టోపీకి దురదగుండ పూసిందీ నేనే, మీ స్టూడియో ముందు "ముఖాలు బాగుచేయబడును" అని బోర్డు పెట్టిందీ నేనే. ఇన్ని చేసినవాడు ఇదొక్కటీ వదులుతాడా, మీ ముఖం పలక రంగుకి తిరిగిందంటే వాడే చేసుంటాడని బంధువులంతా తీర్మానించారు. మొన్న మన చుట్టాల పెళ్లిలో ఒకాయన నన్ను పక్కకి లాగి, "ఈసారి మరీ అతి చేశావురా, కాస్త సబ్బేదో చెప్పెయ్యి" అన్నాడు. నవ్వినవాళ్లు నవ్వారు. మా అక్క మాత్రం నవ్వలేదు. అక్క సంగతి మీకు తెలిసిందే. బుద్ధెరిగాక ఆవిడ ఒక్క హాస్యమాడి ఎరగదు. నా జోకులకి ఈ భూమ్మీద నవ్వని మనిషి ఆవిడొక్కతే.

ఇందులో ఒక్కటే చిక్కు. ఈ పని నాది కాదు.

నాది అయ్యుంటే ఈపాటికి పోయేది. నా రంగులన్నీ చవక సరుకు, ఒక స్నానానికి ఆగవు. మీరేమో సున్నిపిండి, నిమ్మతొక్క, కిరసనాయిలు, చివరికి గిన్నెలు తోమే పీచు దాకా వచ్చారని అక్క చెప్పింది. చర్మం లేచింది గానీ రంగు లేవలేదు. అయినా ఇంకా నా మీదే నమ్మకం పెట్టుకున్నారు. నా మీద ఇంత నమ్మకం మా అమ్మకి కూడా ఉండేది కాదు.

అందుకని చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మిమ్మల్ని రమ్మంటే రారు. ఫొటో తీసి పట్టుకెళదామంటే, అందరి ముఖాలూ తీసే మీరు మీ ముఖం తియ్యనివ్వరు. ఇంకేం చెయ్యను? మీ బదులు మీ ముఖాన్ని నేను పట్టుకెళ్లాను. పెన్సిలు ముక్కు నూరి, ఆ పొడిలో రెండు చుక్కల నూనె వేసి, అద్దం ముందు కూర్చుని, ఎడం చెంప ముదురుగా, కుడి చెంప లేతగా, ముక్కు నడిమధ్య హద్దు పెట్టి, అచ్చం మీలాగే దిద్దుకున్నాను. గోళ్ల మొదట్లో నెలవంకలకి కూడా వదలకుండా నీలం ముట్టించాను. ఆసుపత్రి బల్ల మీద నా పక్కన కూర్చున్న పెద్దావిడ ముందు మూరెడు జరిగింది, తరవాత బారెడు, తరవాత లేచి వెళ్లి గోడకి ఆనుకుని నిలబడింది. మీరు బస్సెక్కడం ఎందుకు మానేశారో నాకు అప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ నా గోళ్లు చూసింది. చిగుళ్లు చూసింది. వేలికి ఓ క్లిప్పు తగిలించి, రక్తంలో ఆక్సిజన్ బానే ఉందంది. తరవాత దూదికి స్పిరిటు అద్ది చెంప మీద ఒక్క రాపు రాసింది. దూది నల్లబడింది, నా చెంప బయటపడింది. దూదిని చూసింది, నన్ను చూసింది.

"ఏమండీ, మీకు వేరే పనేం లేదా?" అంది.

"ఉందండీ, మిక్సీలు బాగుచేస్తాను" అన్నాను.

"అయితే వెళ్లి బాగుచేసుకోండి. బయట నిజంగా జబ్బు చేసినవాళ్లున్నారు."

"అమ్మా, ఈ ముఖం నాది కాదు, మా బావగారిది. ఆయనది దూదితో రాదు" అన్నాను.

అప్పుడు కూర్చోమంది. ఇంకేం చెప్పకుండానే, "ఆయన వెండిలో పని చేస్తారా, వెండి తాగుతారా?" అని అడిగింది. రెండూనండీ అన్నాను. చేతిలో పెన్ను కింద పెట్టింది.

ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నా చదువు మీకు తెలుసు, హైస్కూలు గోడ దూకినవాణ్ని, కనక మాటలు నావి, విషయం ఆవిడది.

ముందు మీ నీళ్ల గురించి అడిగింది. మీకు మీ స్నేహితుడు డ్రిల్లు మాస్టారు అంటగట్టిన పెట్టె, టిఫిను డబ్బా అంత ఉంటుంది, బాటరీతో నడుస్తుంది, దాన్నుంచి రెండు వెండి తీగలు గ్లాసులోకి దిగుతాయి, ఓ చిన్న బల్బు వెలుగుతుంది, పెట్టె గుర్రుపెడుతుంది, కాసేపటికి తీగల్లోంచి కంటికి కనపడని వెండి నలుసులు నీళ్లలో కలుస్తాయి అని చెప్పాను. నీళ్లు తేటగానే ఉంటాయనీ, అయితే మీరు పక్కనించి టార్చి వేసి, వెలుగు దారి నీళ్లలో పొగలా కనపడితేనే గ్లాసు ఎత్తుతారనీ కూడా చెప్పాను. "టార్చి పరీక్ష బానే ఉంది, తాగడమే బాగాలేదు" అంది.

తాగిన వెండిలో చాలా భాగం ఒంటికి పట్టనే పట్టదట. పదో వంతో, అంతకంటే తక్కువో పడుతుంది, మిగిలింది పేగుల్లోంచి వచ్చిన దారినే పోతుంది. అంటే మీరు తాగినదాంట్లో సింహభాగం ప్రతి పొద్దునా మరుగుదొడ్డికి సమర్పించుకున్నారు. మీకు మంచి జరిగిందంటూ ఉంటే అదే.

పట్టిన ఆ కాస్తా పేగు గోడలోంచి రక్తంలోకి దిగి, ముందు నేరుగా కాలేయం దగ్గరికి వెళుతుంది. కాలేయం మా అక్కలాంటిది, గుమ్మంలోనే నిలబడి ఎవరొచ్చారో చూస్తుంది. వెండిని చూడగానే దొరికినంత పట్టుకుని, పైత్యరసంలో కలిపి, మళ్లీ పేగుల్లోకే తోసేస్తుంది. అదీ మలంతోనే పోతుంది. వెండి ఒంట్లోంచి పోవడానికి ఉన్న రాచబాట అదొక్కటే. మూత్రంలో పోయేది లెక్కలోకి రానంత. కనక మీరు బిందెలు బిందెలు నీళ్లు తాగి, గంటకోసారి దొడ్లోకి పరిగెత్తడం వల్ల అరిగేది మీ చెప్పులే.

రోజూ తాగుతూ ఉంటే కాలేయం మాత్రం ఎంతకని కాపలా కాస్తుంది? దాని చెయ్యి దాటినది రక్తంతో ఒళ్లంతా తిరుగుతుంది. మాంసకృత్తుల్ని అంటుకుని కాస్త కిడ్నీల్లో, కాస్త ప్లీహంలో, కాస్త కాలేయంలోనే దిగబడుతుంది. ఒంటికి ఇనుము కావాలి, రాగి కావాలి, వెండితో మాత్రం ఏ పనీ లేదట. పని లేని చుట్టం ఎక్కడ కూర్చుంటాడు? దొరికిన మూల కూర్చుంటాడు. అలా చాలా వెండి చర్మం లోపలి పొరలో, చెమటగ్రంథుల చుట్టూ చేరుతుంది. పైపొర కాదు, లోపలిది. పీచు పెట్టి తోమితే పోయేది పైపొర.

"లోపల చేరిన వెండి దానంతట అది రంగు చూపించదు. వెలుతురు తగలాలి. వెలుతురు తగిలితే నల్లబడుతుంది. మీ బావగారిది ఫొటోల పని అన్నారు కదా, ఆయనకి ఇది నేను చెప్పక్కర్లేదు" అంది.

బావగారూ, ఆ మాటతో నేను కుర్చీ ఆవిడ బల్ల దగ్గరికి లాక్కున్నాను.

మీ డార్క్‌రూము గుర్తు తెచ్చుకోండి. ఎర్రబల్బు కింద కాగితం తెల్లగానే ఉండేది. దానికి వెండి పూత ఉన్నా దాని మీద ఏమీ కనపడేది కాదు. పొరపాటున నేను తలుపు తీస్తే, కాగితమంతా పోయిందని డెవలపరు పట్టకారు నా మీద విసిరేవారు. మీరు వెండినీళ్లు మొదలుపెట్టింది ఆ గదిలోనే. పొద్దున లోపలికి వెళితే పొద్దుగూకాక బయటికి వచ్చే మనిషి. ఏళ్లతరబడి తాగారు, ముఖం మీద మచ్చ కూడా రాలేదు. "చూశావా, ఇన్నేళ్లుగా తాగుతున్నాను, ఏమైంది?" అని నా ముందు ఎన్నిసార్లు చెంప చూపించారు! ఏమీ కాకపోవడం కాదు బావగారూ. మీరు చీకట్లో పెట్టిన కాగితం.

తరవాత ఫోన్లతో అందరూ వాళ్ల ముఖాలు వాళ్లే తీసుకోవడం మొదలుపెట్టారు. డార్క్‌రూము కాస్తా సామాన్ల గది అయింది. మీరు ముందుగదిలో బల్ల వేసుకుని పాస్‌పోర్టు ఫొటోలకి కూర్చున్నారు. కుర్చీ వీధి కిటికీ పక్కన. ఎడం చెంప కిటికీ వైపు. ఎడం చెంపే ముదిరింది. నేనే రంగు వేసుంటే, మిమ్మల్ని ఒక పక్కకి పడుకోబెట్టి వెయ్యాలా?

దానికి తోడు మీరు ఇంకో ఘనకార్యం చేస్తున్నారట. రంగు చెమటతో పోతుందని, స్వెట్టరు తొడుక్కుని మిట్టమధ్యాహ్నం మేడ మీద ఎండలో కూర్చుంటున్నారట. చెమటలో పోయే వెండి ఏమీ ఉండదంది డాక్టరమ్మ. ఎండ మాత్రం దాని పని అది చేసుకుపోతుంది. అంటే ఇప్పుడు మీ ప్రింటుకి వెలుతురు పెడుతున్నది మీరే. ఆ పట్టకారు ఈసారి ఎవరి మీద విసరాలి?

మీ బుర్ర ఎటు పోతుందో నాకు తెలుసు. కాగితం మీద మిగిలిన వెండిని హైపో మందులో కడిగేసేవాణ్ని కదా, దీన్నీ అలాగే కడగొచ్చు అంటారు. నేనూ అదే అడిగాను. ఆ మందు ఎక్కించి కూడా ఎవరో ఎప్పుడో ప్రయత్నించారట, ఉపయోగం లేదట. సీసం, పాదరసం లాంటివి ఒంట్లోంచి లాగే మందులున్నాయి, అవీ దీని దగ్గర పనిచెయ్యవట. ఒంట్లో హైపో లేదు బావగారూ. దిగింది దిగినట్టే ఉంటుంది. లేజరు అని ఒక రకం వెలుగుతో చుక్క చుక్కగా కొడితే కొందరికి రంగు తగ్గిందట. నొప్పి ఉంటుందట, అందరికీ తగ్గుతుందని మాట ఇవ్వనంది. ప్రాణభయం మాత్రం సాధారణంగా ఉండదంది. "రంగు ఉండిపోతుంది, మనిషి ఉంటాడు. ఇంకా ముదరకుండా ఉండాలంటే తాగడం మానాలి, ఎండ తగలకుండా చూసుకోవాలి. ఒకసారి తీసుకురండి, కిడ్నీలూ కాలేయం చూస్తాను" అంది. పసిపిల్లకి పడతారట అని చెబితే, అంతదాకా నెమ్మదిగా మాట్లాడిన మనిషి కుర్చీలోంచి లేచింది. ఏమందో రాయను. నన్ను అన్న మాటలు కూడా అందులో కలిసి ఉన్నాయి.

కాబట్టి నేను అడిగేది ఇంతే. కొత్త పెట్టె మాట వదిలెయ్యండి. కుర్చీ కిటికీ దగ్గరనించి లోపలి గోడకి జరపండి. బయటికి వెళితే టోపీ పెట్టుకోండి, దురదగుండ ఉందేమో దులిపి చూసుకోండి. బుధవారం కొట్టు మూసి వస్తాను, డాక్టరమ్మ దగ్గరికి వెళదాం. మీ గడప తొక్కను, వీధిలోనే నిలబడతాను. ఆవిడ దూదితో మీ చెంప కూడా రాస్తుంది. దూది నల్లబడితే నేను దోషిని, మీ ఇష్టం వచ్చిన శిక్ష వెయ్యండి. తెల్లగా ఉంటే నా మీద కేసు కొట్టెయ్యండి.

మనవరాలికి నా ముద్దులు. జలుబుకి దాని ముక్కు తుడిస్తే చాలు.

ఇట్లు,
ఈ ఒక్కసారికి ఏ పాపం ఎరగని
మీ బావమరిది

తా.క. ఉత్తరం మడిచాను గానీ మనసొప్పక మళ్లీ విప్పాను. మీరు ఇదంతా చదివి, "వాడి మొహం, వాడికేం తెలుసు, ఈ మధ్య నాకు ఎంత బాగుంటోందో" అని ఉత్తరం పక్కన పడేసి, పెద్ద పెట్టెకి చెప్పేస్తారు. మీ సంగతి నాకు తెలుసు. అందుకని ఉన్నమాట చెప్పేస్తున్నాను.

చలికాలం చివర్లో మీ పెట్టె ఆగిపోయింది. బజార్లో ఎవరిచేతో బాగుచేయించానని అక్క మీకు చెప్పింది. బజార్లో ఎవరో కాదు, నేనే. అందులో ఇప్పుడు బల్బు వెలుగుతుంది, పెట్టె గుర్రుపెడుతుంది, తీగలకి మాత్రం కరెంటు అందదు. ఆ రోజునించి మీ గొంతు తేటపరిచిందీ, మీ పొట్ట తగ్గించిందీ, మిమ్మల్ని నిద్రపుచ్చిందీ మీ ఇంటి కుళాయి నీళ్లు. రక్తంలో తిరిగే వెండి ఈపాటికి చాలావరకు కాలేయం పంపేసే ఉంటుంది. చర్మంలోది ఉంటుంది.

ఇది నా ఎత్తు అనుకునేరు. నాకు అంత బుర్ర ఉంటే మిక్సీలెందుకు బాగుచేస్తాను? అక్క ఆ పెట్టె నా బల్ల మీద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఒరేయ్, బాగుచేసినట్టు కనపడాలి, బాగవకూడదు. చేతనవుతుందా?" అంది. మరి బావగారు టార్చి వేసి చూస్తారు కదే, పొగ కనపడదు కదా అన్నాను. "దానికి నా దగ్గర పాలున్నాయిలే. గ్లాసు అడుగున ఒక్క చుక్క" అంది. రుచి మెరుగైందని మీరు రాసింది దాని గురించే.

ఇదంతా మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. మీ ముఖం గురించి ఎవరు అడిగినా నా పేరే చెప్పండి, ఎలాగూ నమ్ముతారు. నీళ్ల సంగతి మాత్రం పైకి అనకండి. రేపు పొద్దున ఆవిడ గ్లాసు తెచ్చి ఇచ్చేటప్పుడు, టార్చి గ్లాసు మీద కాకుండా, ఒక్కసారి ఆవిడ ముఖం మీద వెయ్యండి. ఇన్నేళ్లు అందరి ఫొటోలూ తీశారు, నవ్వు ఆపుకుంటున్న మనిషిని పోల్చుకోలేరా?